దేవుడి అర మీంచి పైపు

జూన్ 3
మేడ మీద రేకుల గదికి బాత్రూం గోడలు లేచాయి. నీళ్ళు పోయే దారే తేలలేదు. ఇరవయ్యో తేదీన సత్యవతి వస్తుంది. పేగు ఆపరేషన్... పొట్టకి సంచీ, మలం అందులోకే. రోజుకి నాలుగైదుసార్లు ఖాళీ చేసుకోవాలట. కింది బాత్రూం తలుపు హాల్లోకే. ఎవరు ఎంతసేపు లోపలున్నారో అందరికీ తెలుస్తుంది. అక్కడ ఆడపడుచుని ఎలా పంపను?

జూన్ 5
ప్లంబరు అప్పన్న వచ్చాడు. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. పక్క సందులోంచి వెనక డ్రైనేజీ చాంబరుకి నలభై ఒక్క అడుగులు. అడుగుకి పావంగుళం దిగాలి. చాంబరుకి అంత లోతు లేదు.
"ఇటైతే వాటం లేదమ్మా. వంటింట్లోంచయితే నాను గేరంటీ."
వంటింటి సీలింగు కింద. సరిగ్గా దేవుడి అర మీంచి.

జూన్ 6
ఆయన పోర్టులో డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. "దేవుడి నెత్తి మీంచా?" అన్నారు. వద్దనలేదు. సొంత చెల్లెలు కదా.
సందు మళ్ళీ కొలిచాను. నలభై ఒకటే.

జూన్ 8
దేవుణ్ణే జరిపితే? హాల్లో ఈశాన్యం మూల ఖాళీ.
అప్పన్న నవ్వాడు. "సింహాద్రప్పన్న ఏటీ అనుకోడమ్మా. అనుకుంటే ఈ అప్పన్న మీదకి తోసీండి."

జూన్ 12
దీపం పెట్టి, చెంపలు వేసుకుని, పటాలు మార్చాను. గోడ మీద పొగ పట్టని తెల్లటి చదరాలు నాలుగు. సున్నం వేయించాలి.

జూన్ 15
పైపు బిగించారు. పైనుంచి పసుపు నీళ్ళు పోయించి చాంబరు దగ్గర కూర్చున్నాను. పదకొండు లెక్కపెట్టేసరికి పచ్చగా వచ్చాయి. మూడుసార్లూ అంతే.
వంటింట్లో మాత్రం, పైన చెంబుడు నీళ్ళు పోసినా పైపు చప్పుడే.

జూన్ 18
సత్యవతి ఫోన్. తన కోసం గోడలేవీ పగలగొట్టొద్దంది. పాత పైపుకే కలిపామన్నాను. అబద్ధం.

జూన్ 20
వచ్చింది. పైకి వెళ్ళేముందు అలవాటుగా వంటింట్లోకి... దండం పెట్టబోయి ఆగిపోయింది. తెల్లటి చదరాలు. సున్నం మాట మరిచేపోయాను. తలెత్తి పైపు చూసింది.
"నా గురించి ఆ తండ్రిని కూడా కదిపీసేవా వదినా?"
తన పెట్టె అందుకున్నాను.
మెట్లు పద్నాలుగు. మూడుచోట్ల ఆగింది.

జూన్ 21, ఉదయం
కాఫీ ఇచ్చి వచ్చాను. సంచీ సంగతి అడిగితే — తర్వాత చూసుకుంటాను లే అంది. నిన్న సాయంత్రం కూడా అదే మాట.
తొమ్మిదిన్నర. ఆయన రెండుసార్లు వంటింట్లోకి వచ్చి ఊరికే మంచినీళ్ళు తాగి వెళ్ళారు. ఆయనా వింటున్నారు.
కుక్కరు పెట్టలేదు. విజిల్‌లో పైపు చప్పుడు వినపడకుండా పోతుందేమోనని.
పైపు కిందే నించుని రాస్తున్నాను. ఇంకా చప్పుడు లేదు.