ముగ్గుపిండి గుంట

ఫిబ్రవరి 6
మిర్చి ఆరబోసింది పోను కళ్లంలో మిగిలిన చోట గోల్ఫ్ ప్రాక్టీసు. నలభై బంతులు. ముప్పై నాలుగు పడ్డాయి! పడటమంటే — ముగ్గుపిండితో గీసిన గుండ్రం మీదుగా దొర్లడం. నిజం గుంటకి నాన్న ఒప్పుకోడు. "సిమెంటు పోయించి ఏడాది కాలేదమ్మా. వాన నీళ్లు నిలిస్తే కాయ తాలైపోద్ది."

ఫిబ్రవరి 9
గుంటూరులో, కోచ్ సారు దగ్గర. నిజం గడ్డి, నిజం గుంట. పది బంతులకి పడింది ఒక్కటి. ఒక్కటే! బంతి అంచు దాకా వెళ్లి, మీదుగా దూకి పోతోంది. "అంత వేగంతో పోతే గుంట దానికి కనపడదమ్మా" — సారు నవ్వు ఒకటి. గట్టిగా కొడుతున్నాను కాబట్టే ఇంటి దగ్గర, వాన నీళ్లు పోవడానికి కళ్లానికి పెట్టిన వాలు కూడా బంతిని లాగలేకపోయింది. నెలంతా నేను నేర్చుకున్నది గీత దాటించడం. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. స్టేట్ జట్టు సెలెక్షన్ 16న. కిందటేడు ఒక్క బంతితో పోయింది.

ఫిబ్రవరి 10
మెల్లగా కొట్టాను. వాలు లాగేసింది. బంతి వెళ్లి మిరపకాయల్లో దూరింది. ఛీ.

ఫిబ్రవరి 12
కాయ తిరగేస్తూ నాన్న — "చేలో నీళ్లూ అంతేగా. ఉరుకు మీదుంటే సూటిగా పోతాయి. నెమ్మదించాక పల్లం చూసుకుంటాయి." సారు రెండు గంటలు చెప్పింది ఇదే! జానెడు ఎడమకి గురిపెట్టి, మెల్లగా... ఆఖర్న వంగి గుండ్రంలోకొచ్చింది. గుంటయితే పడేదా? ముగ్గుపిండి చెప్పదు. నిజం గుంట కావాలని మళ్లీ అడిగాను. అరిచాను కూడా. నాన్న కాయ తిరగేస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 13
గదిలోంచి రాలేదు. కళ్లం వైపు పొద్దుటి నుంచీ ఏదో టకటక. చూడబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 14
కళ్లంలో గుంట! గునపంతో పొడిచి, డబ్బా దింపి, అంచు నున్నగా మెత్తాడు నాన్న. చుట్టూ కాయంతా జరిపేశాడు. "వాలు లాగేస్తోందన్నావుగా. రసమట్టం పెట్టి మరీ సమంగా ఉన్నచోటు చూశాను. ఇక్కడ తేలిగ్గా పడుద్ది."

నాకు కావాల్సిందే వాలు. సెలెక్షన్‌లో గుంటలన్నీ వాలు మీదే ఉంటాయి.

బంతి చేతికిచ్చి నిలబడ్డాడు. కొట్టాను. పడింది. చప్పట్లు కొట్టాడు. ఏడుపొచ్చింది... సంతోషం అనుకున్నాడు.

ఎల్లుండే సెలెక్షన్. ఇంకో గుంట ఏ నోటితో అడగను?