పేలని బాంబు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన రుద్రూర్‌ కూడలిలో నీ పేరు మీద గద్దె కట్టి, దాని మీద ఒక బాంబు పెట్టారు. మందు తీసేసిన ఖాళీ గుల్లే, అయినా ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చింది. యుద్ధంలో విమానం నుంచి శత్రువుల మీద బాంబులు వేస్తూ నువ్వు ప్రాణమిచ్చావని సభకు వచ్చిన నాయకుడు మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను ఆయన దగ్గరికి పోయాను. "మా అన్న విమానం ఎక్కలే సార్. కింద ఉండి విమానాలకు బాంబులు బిగించేటోడు. ఎత్తంగ ఒకటి బండి మీదికెల్లి జారి అన్న మీద పడ్డది. అది పేలనే లేదు."

"గట్ల చెప్తే ఎవలింటరమ్మా?" అన్నాడు.

మెడలో దండతో కూర్చున్న మన బాపు, "ఊకో బిడ్డా, పేలిందనే అనుకోనీ," అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. అందుకే నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

సభ అయ్యాక చూస్తే, గుల్ల దొర్లకుండా కింద ఏ అడ్డూ లేదు. పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతున్నారు. వాళ్లను దించి, చెరుకు బండి చక్రాలకు అడ్డం పెట్టే రాళ్లు రెండు తెచ్చి ఇరువైపులా పెట్టాను. నాయకుడి మనిషి వచ్చి, "ఫోటోల మంచిగుండది అక్కా," అని తీసేశాడు. ఫోటో దిగి వాళ్లు జీపెక్కి పోయారు.

రాళ్లు మళ్లీ పెట్టాను. ఎందుకు పెట్టానో ఎవరైనా అడిగితే నీ సంగతి చెబుదామని పొద్దుగూకేదాకా అక్కడే నిలబడ్డాను. ఒక్కరూ అడగలేదు.

నీ చెల్లెలు