పీకొద్దమ్మా

అమ్మా, నువ్వు మత్తూరు సంత నుంచి వచ్చేలోగా నాకు హోసూరు బస్సు టైమైంది.

రాగులు కోసిన చేన్లో గడ్డి మొలిస్తే పీకొద్దు. అది మొలవాలనే కోతలో మిగిలిన కొయ్యకాళ్ల మీద పైపైన మట్టి కదిలేటట్టు గుంటక తోలినాను. కలుపు గింజలన్నీ ఇప్పుడే మొలిచేస్తే, లీవుకి వచ్చి మడక కట్టి దున్ని మట్టిలో కలిపేస్తాను. అచ్చెన్న మామ గట్టు మీద నిలబడి, "ఏమక్కా, గడ్డి సాగు చేస్తా ఉండారా?" అని నవ్వితే నవ్వనీ.

పోయినేడు అవి పైరుతో పాటే మొలిచినాయి. కలుపు తీసి తీసి నీ నడుం పడిపోయింది. అడిగితే నొప్పే లేదని నాతో అబద్ధం చెప్పినావు.

సంగటి మూతపెట్టి ఉంచినాను, తిను.

తిలక్

కలుపు కొడవలి కోసం వెతకొద్దు, నా సంచిలో ఉంది. నీ చేతుల్ని తీసుకుపోలేను కదా, వాటికి నువ్వే చెప్పుకో.