గోనెసంచి సారు హాలుకి గుడ్డిగవ్వ ఇవ్వను

మార్చి 3, సోమవారం. ఉదయం 7:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. పాత పగ.

యూనివర్సిటీ నుంచి ఉత్తరం. మా పశువైద్య విభాగానికి కొత్త అనాటమీ హాలు కడతారట. దానికి గోనెసంచి సారు పేరు పెడతారట. పూర్వ విద్యార్థులు చందాలివ్వాలట.

తీర్మానం: గుడ్డిగవ్వ కూడా ఇవ్వను! శనివారంలోగా కారణాలు రాసి వాళ్ళ మొహాన కొడతాను.

1. సారు గోనెసంచిలో చచ్చిన దూడ కాలు పెట్టేవాడు. చూడకుండా తడిమి ముందుకాలో వెనక్కాలో చెప్పాలి. తప్పు చెప్పాను. "ఈ చేతులు దేనికిరా, తిండి తినడానికా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇరవై రెండేళ్ళయినా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది.
2. హాస్టల్ కుళాయిల్లో నీళ్ళుండేవి కావు. అన్నీ పాలలో ఉండేవి.
3. నా పట్టా మీద ఎవడిదో ఫోటో. అడిగితే, "పోలికలున్నాయిగా!" అన్నారు.
4. అసలు ఆ యూనివర్సిటీ నాకేమిచ్చింది?

సాయంత్రం 6:00. మా ఆవిడకు చదివి వినిపించాను. నా క్లాసుమేటే. "మరి నేనెక్కడ దొరికాను నీకు, సంతలోనా?" అంది.

నాలుగోది కొట్టేశాను.

మార్చి 4, మంగళవారం. 11:20

పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి ఫోన్. మా బ్యాచీ వాడే, నసరాయుడు. "లిస్టులో నువ్వొక్కడివే మిగిలావురా!"

"మిగలనీ!" పెట్టేశాను. ఎంత హాయి! తర్వాత క్లినిక్‌లో కుక్క కరిచినా నవ్వాను.

మార్చి 5, బుధవారం. ఉదయం 8:00

రెండు, మూడు కారణాలు కాస్త చవకబారుగా ఉన్నాయి. కొట్టేశాను. ఒకటోది చాలు, కొండంత ఉంది.

"నీ బాధంతా ఆ ఒక్క మాటేగా. ఆయనకే ఫోన్ చేసి అడిగెయ్" అంది మా ఆవిడ.

ఎందుకు? ఇంకో మాట అనిపించుకోడానికా?

మార్చి 6, గురువారం. మధ్యాహ్నం 3:40

పాడి ఫారం. పొద్దుటి నుంచి ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. "ఇది పోతే నేనూ పోయినట్టేనండీ డాక్టరుగారూ" అంది యజమానురాలు.

భుజం దాకా చెయ్యి లోపల పెట్టాను. ఒక్క కాలే తగిలింది. గిట్ట పైన కీలు ఇటు వంగింది, దాని పై కీలు అటు వంగింది. రెండూ ఒకే వైపు వంగితే ముందుకాలు. ఎదురెదురుగా వంగితే... వెనక్కాలు! దూడ వెనక్కి తిరిగి ఉంది. ముందుకాలనుకుని తల కోసం వెతుకుతూ కూర్చుంటే రెండు ప్రాణాలూ పోయేవి. రెండో కాలు దొరకబుచ్చుకుని, ఆవు కడుపు చీరుకోకుండా గిట్టని అరచేత్తో మూసి, మెల్లగా సరిచేసి లాగాను.

4:25. దూడ తుమ్మింది! యజమానురాలు ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అడిగితే చెమట అన్నాను.

5:30. దారిలో బండి ఆపి మరీ చందా పంపేశాను. ఛీ! మా ఆవిడకు చెప్పకూడదు.

5:50. చెప్పేశాను.

మార్చి 7, శుక్రవారం. సాయంత్రం 5:00

సారు నంబరు సంపాదించాను. మూడుసార్లు నొక్కి మూడుసార్లు పెట్టేశాను. మా ఆవిడ ఫోన్ లాక్కుని కలిపింది.

నేను గుర్తులేనట! గోనెసంచి గొడవ చెప్పాను. "అందర్నీ తిట్టేవాణ్ణిరా. అందులో నువ్వెవరివో?" ఇన్నేళ్ళూ నేను మోసుకు తిరిగిన మాట ఆయనకు గుర్తే లేదు! ఒళ్ళు మండింది. అయినా నిన్నటి దూడ సంగతి చెప్పాను.

వెంటనే అడిగారు: "రెండూ బతికాయా?"

"బతికాయి సార్."

"మంచి పని చేశావురా." తర్వాత గొంతు తగ్గింది. "నేనా మాట అనుండకూడదు."

ఏదో ఒకటి అనాలని, చందా పంపానని చెప్పాను. అంతే, సారు అంతెత్తున లేచారు. "వాళ్ళకా? బుద్ధుందా నీకు? నా పేరు పెట్టే ముందు నన్నొక్క మాట అడిగారా? రేపు తెల్లకాగితాలు పట్టుకుని రా!"

మార్చి 8, శనివారం. ఉదయం 11:15

సారు ఇంట్లో. ఆయన పడక్కుర్చీలో వాలి చెబుతున్నారు, నేను యూనివర్సిటీకి ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు ఆయన పోగుచేసిన ఎముకల బీరువాలన్నీ కొత్త హాలుకి అడ్డమని చెత్తబండి ఎక్కించారట. అది మొదటి కారణం. ఇప్పుడు పదిహేడోది నడుస్తోంది. నావి ముష్టి నాలుగు!

తీర్మానం, మళ్ళీ: ఈ క్షణం నుంచి గుడ్డిగవ్వ కూడా ఇవ్వను. సారూ ఇవ్వరట.

12:40. ఉత్తరం పూర్తయింది. కలం అందుకుని, "నీ పేరేమిటన్నావురా?" అని అడిగారు. చెప్పాను. ముందు నా పేరు రాసి, దాని కింద తన సంతకం పెట్టారు.