తొట్టెలకు కట్టిన చీటీ

1944 జూలై 9

పొద్దున బడికి బయల్దేరుతూ చూస్తే పిల్లను ఊపే తొట్టెలకు కట్టిన పేరు చీటీ లేదు. ‘అరుణ’ అని నా చేత్తో రాసింది, అంచుకు పువ్వులు గీసి మరీ. దారం ఉంది, చీటీ లేదు. జానకిని అడిగాను. “గాలికి పోయిందేమో” అంది తల ఎత్తకుండా. పెళ్లయి ఏడేళ్లయినా నా భార్యకు అబద్ధం చెప్పడం రాలేదు. కిటికీ మూసే ఉంది. గాలి ఎక్కడిది?

అమ్మ పనే. ఇంకెవరు చేస్తారు?

జూలై 10

ఇంకో చీటీ రాసి కట్టాను. అమ్మ మూతి ముడిచింది.

“అరుణంట అరుణ! మా అత్త పేరు నర్సమ్మ అని పెడితే నీ నోరు వంకర పోతదా?”

“ఏ గల్లీల నిలబడి నర్సమ్మా అన్నా ముగ్గురు పలుకుతరు అమ్మా. ఇది కొత్త జమాన.”

“కొత్త జమాన పేర్లు రెండు పెట్టినవు గదరా...” అని ఆగిపోయింది. నేను చొక్కా తొడుక్కుని బయటపడ్డాను.

ప్రభాకర్. సుధ. వాడు బతికింది పదకొండు నెలలు, అది నాలుగు. రెండు పేర్లూ నేను పెట్టినవే. అయినా జ్వరానికి పేరుతో ఏం పని? పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని, నేనే ఇవన్నీ నమ్మితే ఎట్లా.

జూలై 13

చీటీ మళ్లీ మాయం.

జూలై 14

నేను లోపలికి రాగానే మాటలు ఆగుతున్నాయి. పక్కింటి ఖాసింబీ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఏదో అంటోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని “సలాం మాస్టర్ సాబ్, బిడ్డ మంచిగున్నది” అంది. పేరు అనలేదు. ఎవరూ అనరు! అమ్మకు ‘పోరి’, జానకికి ‘బిడ్డ’. ఈ ఇంట్లో అరుణా అని పిలిచేది నేనొక్కణ్నే. రెండు నెలల పిల్ల, నా వైపు తిరిగి కూడా చూడదు.

జూలై 17

సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నా. బడి నుంచి ముందే వచ్చి, చెప్పులు చేత పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను.

“పెంటమ్మా... ఓ పెంటమ్మా...” లోపల నవ్వులు. పిల్ల ఉంగా ఉంగా అంటోంది. నాకు పలకనిది ఆ పేరుకు పలుకుతోంది!

తలుపు తోసి అమ్మ మీద అరిచాను. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, చావు కంట పడకూడదని బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పరాయివాళ్లు ఎత్తుకుంటే మళ్లీ కొనుక్కుని పెట్టే పేరు అది. “నా బిడ్డను పెంట మీద పడేసినవా?”

అమ్మ ఒకటంటే పది అనే మనిషి. జానకి వైపు చూసి ఊరుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూలై 18

వాకిట్లో ఖాసింబీని ఆపాను. “నాకేం ఎరుక సాబ్” అంది మొదట. తర్వాత గొంతు తగ్గించి...

“మీరు రైలెక్కి పట్నం పోయిన దినం. పొద్దుగాల చాటల పండబెట్టి పెంటకుప్ప మీద పెట్టిన్రు. నేనే ఎత్తుకున్న. నాకు చాటెడు తవుడిచ్చి మళ్ల కొనుక్కున్నరు.”

“మా అమ్మనా?”

“అమ్మ గాదు సాబ్. ఆమెకు నర్సమ్మ పేరే గావాలె. జానకమ్మనే.”

జానకి! ఏడో తరగతి చదివిన జానకి. నేను తెచ్చే పత్రికలు నాకంటే ముందు చదివే జానకి. ‘అరుణ ఎంత మంచిగున్నదో’ అన్న జానకి.

జూలై 19

జానకి కట్టిచ్చిన సద్ది వదిలేసి బడికి పోయాను.

జూలై 21

జానకి నీళ్లకు పోయింది. ఆమె పెట్టె తెరిచాను. దొంగను పట్టుకోవాలని. చీర మడతలో నా రెండు చీటీలు... అరుణ, అరుణ.

వాటి కింద ఇంకో రెండు. కాగితం పసుపుబారింది, సిరా వెలిసింది. ప్రభాకర్. సుధ. అంచుకు అవే పువ్వులు, నా చేతిరాతే. అవి ఏమయ్యాయో నేను ఏనాడూ అడగలేదు. పెట్టె మూస్తుంటే ఏడుపొచ్చింది.

జూలై 24

పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది. దవాఖానలో జలుబే అన్నారు, ఫికర్ లేదన్నారు. సుధకూ మొదట జలుబే.

కొత్త చీటీ రాయలేదు.

జూలై 25

బడికి పోలేదు. మధ్యాహ్నం. అమ్మ కునుకు తీస్తోంది, జానకి వంటింట్లో. పిల్ల మూలుగుతోంది. తొట్టెల ఊపుతూ అరుణా అన్నాను. కళ్లు తెరవలేదు. ఇంకోసారి. లేదు. భయమేసింది, నిజంగా భయమేసింది. చుట్టూ చూసి, వంగి, చెవిలో మెల్లగా అన్నాను... పెంటమ్మా.

కళ్లు తెరిచింది.

ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరూ వినలేదనుకున్నా. తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. జానకి లోపలికి రాలేదు.