చైనుకి పూసిన డాన్సు నూనె

పునా, చేపల పడవ దిగి వచ్చాక బండి కోసం వెతకకు. అవరువాలో డాన్సు పోటీకి దాన్ని నేనే వేసుకెళ్తున్నాను.

ఉప్పుగాలికి చైను తుప్పు పడుతోందని నూనె రాశావు, సంతోషం. కానీ పోటీకి ఒంటికి రాసుకుందామని టియారే పూలేసి కాచుకున్న నా కొబ్బరినూనే దొరికిందా మహానుభావా? రారొటోంగా దీవిలోని చీమలన్నీ మన వంటింట్లోంచి బండి మీదికి ఊరేగింపు కట్టాయి! చైను మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఇంజనాయిల్ రాశాను. ఇకమీదట నువ్వూ అదే రాయి. వంటింట్లో చీమలదారి మాత్రం నీ వంతు, సబ్బునీళ్లతో తుడువు.

నా హెల్మెట్‌లో కోడి పొదుగుతోంది, కదిపావో నీ పని చెప్తాను. నీది పెట్టుకుని, పూలకిరీటం దానిమీదే బిగించాను. అద్దంలో చూసుకుని పడీ పడీ నవ్వాను.

తెపాయెరు

అన్నట్టు, సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ మెడకి రాసుకున్నాను. ఎంత కడిగినా బండికీ అదే వాసన. ఎప్పుడూ నాకన్నా దాన్నే ముద్దు చేస్తావుగా, సాయంత్రం వచ్చి ముందు ఎవరి దగ్గర ఆగుతావో స్టేజీ మీంచి చూస్తుంటాను.