రాజన్న కుర్చీ

రాజన్నా,

ఈరోజు హాకీలో మన హైదరాబాద్ గెలిచింది. మొదటి ఆటలో ఆరు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడిన జట్టే, రెండో ఆటలో ఆఖరి నిమిషంలో గోల్ కొట్టి గెలిచింది. పద్మనగర్‌లో మన చాయ్ హోటల్ ఈలలతో దద్దరిల్లిపోయింది.

మొదటి ఆట రోజు, నువ్వు చూస్తే మనకు గోల్ పడదని అందరూ కలిసి నిన్ను బయటికి పంపారు. నువ్వేమో నవ్వుకుంటూ వెళ్లి కిటికీ అవతల నిలబడ్డావు. మగ్గాల మోతకు నీ చెవులు ఎప్పుడో పోయాయి కదా, కార్ఖానాలో మాట్లాడుకున్నట్టే వేళ్లతో నీకు స్కోరు చూపిస్తూ కూర్చున్నాను. ఆ వారంలోనే మగ్గం దగ్గర కూలిపోయావు. మళ్లీ లేవలేదు.

ఈరోజు గోల్ పడగానే నా చెయ్యి దానంతట అదే కిటికీ వైపు లేచింది. వేళ్లు కూడా విప్పాను.

అప్పుడే మన సత్తయ్య అరిచాడు. "రాజన్న లేడు గదా, గందుకే గెలిసినం!"

కొందరు నవ్వారు. నీ తమ్ముడు మల్లేశం తాగుతున్న చాయ్ కింద పెట్టి వెళ్లిపోయాడు. సత్తయ్య మొహం మాడిపోయింది. "ఎప్పుడనే మాటే గద తమ్మీ, నోట్లకెల్లి వచ్చేసింది" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను.

ఎల్లుండి మూడో ఆట, తేలిపోయేది అందులోనే. హోటల్లో నిలబడడానికి కూడా చోటుండదు. అయినా టీవీకి ఎదురుగా నీకోసం ఒక కుర్చీ వేస్తాను. ఎవర్నీ కూర్చోనివ్వను.

ఓడిపోతే ఓడిపోనీ.